బండి క్లచ్: జారేదెందుకు? మార్చేదెట్లా?
(మా ఆదివారపు అధ్యయనం)



ఎనిమిదో తరగతిలో మనమందరం ఘర్షణ పాఠం చదివాము. ఘర్షణ వల్ల లాభాలు రాయుము అనే ప్రశ్నకు నడవడం, అగ్గిపుల్ల గీయడం, బ్రేకు వేయడం అని రాసి మార్కులు తెచ్చుకున్నాము. మోటారు సైకిలు క్లచ్ గురించి మాలో ఒక్కరమూ రాయలేదు. బండి నడిచేదే ఆ ఘర్షణ మీద అని మాకు పోయిన వర్షాకాలం తర్వాత గానీ తెలియలేదు. తెలిసిన సంగతి మీతో పంచుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాము.

మన ప్రాంతంలో బండి అంటే షోకు వస్తువు కాదు. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 మొదలుకొని, 1999లో వచ్చిన హీరో హోండా సీబీజడ్, 2001లో వచ్చిన బజాజ్ పల్సర్ దాకా పట్నంలో కుర్రాళ్లు వేగం కోసం కొన్న బండ్లే, చేతులు మారి మారి సెకండ్ హ్యాండులో మన ఊళ్లకు వస్తాయి. ఇక్కడికి వచ్చాక వాటి పని వేరు. పాల్వంచ దాటి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు, అటు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం వైపు చూడండి. ఒక బండి మీద ముగ్గురు మనుషులు, లేదా ఇద్దరు మనుషులు ఒక మిర్చి బస్తా. ఎండాకాలంలో తునికాకు కట్టలు, సంత రోజున కోళ్ల గంప. తారు రోడ్డు దిగితే ఇసుక, ఇసుక దాటితే వాగు, వాగు దాటితే ఎర్రమట్టి గట్టు. వేగం కోసం చేసిన బండి చేత ఎద్దు పని చేయిస్తున్నాం. ఆ బరువంతా ముందుగా మోసేది క్లచ్.

ఆ రాత్రి జరిగింది

మాలో ఒకరి ఊరు చర్ల రోడ్డు దిగి లోపలికి పోవాలి. వాళ్ల నాన్నగారికి సెకండ్ హ్యాండు 150 సి.సి. పల్సర్ ఉంది. రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఎక్సలేటర్ తిప్పితే ఇంజను అరుస్తుంది గానీ బండి లాగడం లేదు. ఒక షాపుకు తీసుకుపోతే, "ప్లేట్లు ఎందుకు పెద్దాయనా, గట్టి స్ప్రింగులు వేస్తా, రేసింగ్ బండి లాగా అవుతుంది" అని చెప్పి అదే రోజు చేసి ఇచ్చారు. నిజంగానే బండి లాగింది. నెల రోజులు అందరూ మెచ్చుకున్నారు. క్లచ్ లివర్ మాత్రం రాయిలాగా అయింది. రెండు వేళ్లతో పట్టే లివర్‌ను నాలుగు వేళ్లూ వేసి లాగాల్సి వచ్చేది.

వర్షాకాలం చివర్లో ఒక రాత్రి అతని వదినకు నొప్పులు మొదలయ్యాయి. 108 వాహనం తారు రోడ్డు దాకా వస్తుంది, ఊళ్లోకి రాలేదు. ఆమెను బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకొని బయలుదేరారు. వాగులో నీళ్లు పిక్కల లోతే, కానీ కింద ఇసుక. హాఫ్ క్లచ్ మీద మెల్లగా దాటుతుంటే నడివాగులో టప్పున క్లచ్ వైరు తెగింది. బండి ఒక్క కుదుపు ఇచ్చి ఆగిపోయింది.

గట్టి నేల మీద అయితే వైరు తెగినా ఒక దారి ఉంది. న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, నెట్టుకుంటూ పరుగెత్తి, గేరు తన్నవచ్చు. ఇసుకలో, అదీ ఆ స్థితిలో ఉన్న మనిషిని కూర్చోబెట్టుకొని, అది కుదిరే పని కాదు. బండిని వాగులోనే వదిలి, ఊళ్లోకి మనిషిని పంపి మంచం తెప్పించి నలుగురు మోసుకుపోయారు. గంటకు పైగా ఆలస్యమైంది. తల్లీ బిడ్డా క్షేమమే. కానీ ఆ గంట సేపు ఆ ఇంటివాళ్లు ఎట్లా ఉన్నారో మా మిత్రుడు చెప్తుంటే స్టడీ అవర్‌లో ఎవరమూ పుస్తకం తెరవలేదు.

మా హాస్టల్‌లోనే చదువుకొని, ఐటిఐ చేసి, ఇప్పుడు సొంతంగా షెడ్డు పెట్టుకున్న సీనియర్ అన్న ఒకరు ఉన్నారు. బండిని ఆయన దగ్గరకు చేర్చారు. తర్వాతి మూడు ఆదివారాలు వార్డెన్ సారు అనుమతితో మేము అక్కడికి పోయాము. పెద్దాయన అడిగిన మొదటి మాట ఇది: "బలమైన స్ప్రింగులన్నరు గదా బాబూ, మరి వైరెందుకు తెగింది?"

అన్న వెంటనే జవాబు చెప్పలేదు. "ముందు క్లచ్ అంటే ఏందో పిల్లలకు తెలవాలె, తర్వాత మీకు చెప్త బాబాయ్" అన్నారు.

పొరల మధ్య పట్టు

ఇంజను తిరుగుతూనే ఉంటుంది, చక్రం ఆగాలి, మళ్లీ కదలాలి. ఈ రెంటినీ కలిపేది, విడదీసేది క్లచ్. మన బండ్లలో ఉండేది ఆయిల్‌లో మునిగి పనిచేసే, అనేక ప్లేట్ల క్లచ్. ఇంజనుతో తిరిగే గిన్నె లాంటి భాగాన్ని క్లచ్ బెల్ అంటారు. దాని లోపల గేరు బాక్సుతో తిరిగేది హబ్. రెంటి మధ్యలో ఒకటి విడిచి ఒకటిగా రెండు రకాల ప్లేట్లు పేర్చి ఉంటాయి. పైన గోధుమ రంగు పూత అంటించిన ఘర్షణ ప్లేట్లకు బయటి వైపు చెవులుంటాయి, అవి బెల్‌తో తిరుగుతాయి. నున్నటి స్టీలు ప్లేట్లకు లోపలి వైపు పళ్లుంటాయి, అవి హబ్‌తో తిరుగుతాయి. పైనుంచి ప్రెజర్ ప్లేటును స్ప్రింగులు అదిమి పెడతాయి. లివర్ లాగితే స్ప్రింగుల ఒత్తిడి తొలగి ప్లేట్లు విడిపోతాయి. వదిలితే మళ్లీ అతుక్కుంటాయి.

ఇన్ని ప్లేట్లెందుకు, ఒక పెద్ద ప్లేటు పెట్టొచ్చు గదా అని మాలో ఒకరు అడిగారు. అన్న మా చేత ఒక పని చేయించారు, మీరూ చేసి చూడండి. రెండు లాంగ్ నోటు పుస్తకాలు తీసుకొని, ఒక దాని పేజీ, రెండో దాని పేజీ, పేకముక్కలు కలిపినట్టుగా ఒకదాని మధ్య ఒకటి పెట్టుకుంటూ పోండి. తర్వాత రెండు పుస్తకాల వెన్నులు పట్టుకొని ఇద్దరు చెరో వైపు లాగండి. జిగురు లేదు, దారం లేదు, అయినా రావు. ఒక్కొక్క పేజీ మధ్య ఘర్షణ కొంచెమే, కానీ పొరలు ఎక్కువ. క్లచ్‌లో అయిదు ఘర్షణ ప్లేట్లుంటే రుద్దుకునే ముఖాలు పది. అందుకే ఆ చిన్న డబ్బా అంత బరువు లాగుతుంది.

దీనిని లెక్క రూపంలో రాయవచ్చు. క్లచ్ జారకుండా మోయగల టార్క్ = ఘర్షణ గుణకం × స్ప్రింగుల మొత్తం బలం × ప్లేటు సగటు వ్యాసార్థం × రుద్దుకునే ముఖాల సంఖ్య. పాఠంలో చదివిన ఘర్షణ సూత్రమే ఇది, కొత్తది కాదు.

కొన్ని అంకెలు వేసి చూద్దాం. ఇవి ఒక బండి కొలతలు కావు, లెక్క తెలియడం కోసం అనుకున్నవి. గుణకం 0.12, స్ప్రింగుల బలం 1000 న్యూటన్లు, సగటు వ్యాసార్థం 5 సెం.మీ. అనగా 0.05 మీటర్లు, ముఖాలు 10. గుణిస్తే 60 న్యూటన్ మీటర్లు. 150 సి.సి. ఇంజను ఇచ్చేది 12, 13 న్యూటన్ మీటర్లే గదా అనిపిస్తుంది. కానీ ఇంజనుకు, క్లచ్‌కు మధ్య పళ్ల చక్రాలు వేగం తగ్గించి టార్క్ పెంచుతాయి. 12.5ని 3.4 రెట్లు చేస్తే 42.5. క్లచ్ మోయగలిగేది 60, మీద పడేది 42.5. మిగిలిన తేడాయే మన ధైర్యం.

ఇప్పుడు స్ప్రింగులు పాతబడి బలం 850కి తగ్గింది, తప్పుడు ఆయిల్ పోయడం వల్ల గుణకం 0.08కి పడిపోయింది అనుకుందాం. లెక్క 34 వస్తుంది. 42.5 కన్నా తక్కువ, కావున క్లచ్ జారుతుంది. షాపులో గట్టి స్ప్రింగులు వేసి బలం 1200 చేశారు. అప్పుడు 48. బండి లాగింది! అందరూ మెచ్చుకున్నారు. కానీ అసలు రోగమైన గుణకం అట్లాగే ఉంది. ప్లేట్లు ఇంకా నున్నబడి అది 0.07కి దిగితే లెక్క 42. మళ్లీ జారుడు మొదలు. ఈ నడుమ పెరిగిన స్ప్రింగు బలాన్నంతా ప్రతిసారీ లాగింది ఎవరు? ఎడమ చెయ్యి, వైరు.

అన్న అప్పుడు పెద్దాయన వైపు తిరిగి, "ఇదే బాబాయ్ జవాబు" అన్నారు.

విప్పి చూస్తే

విప్పక ముందు చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. లాగని బండికల్లా క్లచ్ పోయిందనుకోకూడదు. వెనక బ్రేకులో బురద చేరి పట్టేసినా బండి లాగదు. స్టాండు వేసి చక్రం చేత్తో తిప్పి చూడాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో, 40 కి.మీ. వేగంలో ఎక్సలేటర్ ఒక్కసారిగా తిప్పాలి. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఆ మీదట లివర్ వదులు చూడాలి. లివర్ మొదట్లో 2 నుంచి 3 మి.మీ. ఖాళీ ఉండాలి. రూపాయి బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత మందం. ఖాళీ అసలే లేకపోతే, లివర్ పట్టకపోయినా క్లచ్ కొద్దిగా విడిపోయే ఉంటుంది, ప్లేట్లు కొత్తవైనా కాలిపోతాయి. పైసా ఖర్చు లేకుండా అడ్జస్టరు తిప్పితే పోయే జబ్బుకు ప్లేట్లు మార్పించుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారట.

ఈ బండికి ఖాళీ సరిగానే ఉంది. అన్న ఆయిల్ దింపి, కుడి వైపు కవరు బోల్టులు అడ్డదిడ్డంగా ఒక్కొక్క చుట్టు వదులు చేశారు. ఒక మూల నుంచి వరసగా విప్పుకుంటూ పోతే కవరు వంకర పోతుందని చెప్పారు. ప్యాకింగు చిరిగితే కొత్తది వేయాలే గానీ బంక పూసి అతికించకూడదు. దించిన ఆయిల్ వాగులో పారబోయకుండా డబ్బాలో పట్టి ఉంచారు.

లోపల కనబడినవి ఇవి. ఘర్షణ ప్లేట్ల పూత అద్దంలాగా మెరుస్తున్నది. వాసన చూస్తే మాడిన వాసన. స్టీలు ప్లేట్లు నీలం రంగుకు తిరిగి ఉన్నాయి, అంటే విపరీతంగా కాలాయి. ఒక ప్లేటును గాజు పలక మీద పెట్టి అంచు నొక్కితే టకటకమని ఊగింది, వంగిపోయింది. స్ప్రింగుల కింద అదనంగా వాషర్లు వేసి ఉన్నాయి! గట్టి స్ప్రింగులు చాలవని వాటిని ఇంకా నొక్కి పెట్టడానికి వేసిన ఉపాయం. దీనివల్ల లివర్ పూర్తిగా లాగినా స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగులుకొని ప్లేట్లు సరిగా విడిపోవు. గేరు పడేటప్పుడు గర్రుమన్నది ఇందుకే. బెల్ వేళ్ల మీద ప్లేటు చెవులు కొట్టుకొని గాట్లు పడ్డాయి.

ఆయిల్ సంగతి చివరికి తేలింది. డబ్బాలో లూజుగా అమ్మే కారు ఆయిల్ పోశారు. కార్ల క్లచ్ ఇంజను ఆయిల్‌లో మునగదు. అందుచేత ఇంధనం ఆదా కోసం కొన్ని కారు ఆయిళ్లలో ఘర్షణ తగ్గించే మందులు కలుపుతారు. ఇంజనుకు అది మేలు, మన క్లచ్‌కు విషం. ఈ బాధ చూసే జపాన్ వాళ్లు 1998లో మోటారు సైకిలు ఆయిళ్లకు జాసో అనే ప్రమాణం పెట్టారు. డబ్బా వెనక జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు పనికివస్తుంది. ఎంబీ అని ఉంటే అది క్లచ్ ఆయిల్‌లో ఉండని స్కూటర్లకు. 20డబ్ల్యు-50 అనే అంకె చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది, క్లచ్ సంగతి చెప్పదు. ఈ రెండు అక్షరాలు చదవడం వస్తే చాలు, ఎంతో డబ్బు మిగులుతుంది. మన ఊళ్లలో ఆ అక్షరాలు చదివేది మనమే గదా, చదువుకుంటున్నవాళ్లం.

మార్పిడి

కొత్త ప్లేట్లు కొనేటప్పుడు మాలో ఒకరు, "అన్నా, పెద్ద బండివి వేద్దాం, ఇంకా బలంగా ఉంటది" అన్నారు. రేసింగ్ అని స్టిక్కరు ఉన్న ప్రతిదీ మనకు ఇష్టమే! అన్న నవ్వి, అవి ఎప్పుడు సరిపోతాయో చెప్పమన్నారు. బయటి వ్యాసం ఒకటే ఉండాలి. చెవుల సంఖ్య, వెడల్పు బెల్ గాడులకు సరిపోవాలి. స్టీలు ప్లేట్ల లోపలి పళ్లు హబ్‌కు సరిపోవాలి. అన్నీ పేర్చినప్పుడు మొత్తం ఎత్తు కూడా పాత కొలతే రావాలి. ఎత్తు తగ్గితే స్ప్రింగు నొక్కు తగ్గి జారుతుంది, పెరిగితే క్లచ్ విడిపోదు. బండి పేరు ఒకటే అయినా మోడల్ మారితే పార్టు మారవచ్చు. కాబట్టి పేరు చెప్పి కాక, పార్టు నంబరు చూసి, పాత ప్లేటు చేతిలో పట్టుకొని పోయి కొనాలి.

నిజమైన మెరుగుదల అసలు లేదా అంటే, ఉంది. కొందరు స్టీలు ప్లేట్లు పలుచనివి వేసి, అదే ఎత్తులో ఒక ఘర్షణ ప్లేటు అదనంగా ఇరికిస్తారు. సూత్రం చూడండి, ముఖాలు 10 నుంచి 12 అయితే స్ప్రింగు పెంచకుండానే అయిదో వంతు బలం పెరుగుతుంది. కానీ పలుచని స్టీలు వేడికి త్వరగా వంగుతుంది. ఇసుకలో బరువు లాగే బండికి అది పనికిరాదు.

ఇంకొకటి, 2018లో మన దేశంలో యమహా ఆర్15 మూడో రకంలో వచ్చిన అసిస్ట్, స్లిప్పర్ క్లచ్. ఇందులో హబ్ మీద ఏటవాలు మెట్లుంటాయి. ఇంజను లాగేటప్పుడు ఆ మెట్లే ప్లేట్లను దగ్గరికి అదుముతాయి, కనుక స్ప్రింగులు మెత్తగా ఉన్నా చాలు, లివర్ తేలిక. చింతూరు, మారేడుమిల్లి ఘాట్ లాంటి దిగుడులో గేరు తగ్గించినప్పుడు చక్రం ఇంజనును తిప్పబోతే అవే మెట్లు ప్లేట్లను కొద్దిగా వదిలి, వెనక చక్రం గెంతకుండా చూస్తాయి. మాకు చాలా నచ్చిన సంగతి ఇదే. తెలివైన ఇంజనీరు స్ప్రింగును మెత్తగా చేసి పట్టు పెంచాడు. మనవాళ్లు గట్టి స్ప్రింగు వేసి వైరు తెంపారు. అయితే ఆ క్లచ్‌ను పీకి ఇంకో కంపెనీ బండికి బిగించడం కుదరదు. అది ఆ బండితోనే రావాలి.

అన్న చివరికి వేసింది కంపెనీ కొలత ప్లేట్లు, కొత్త స్టీలు ప్లేట్లు, కంపెనీ బలం గల స్ప్రింగులు మొత్తం సెట్టు, కొత్త వైరు. స్ప్రింగుల్లో ఒకటి మాత్రమే మారిస్తే ప్రెజర్ ప్లేటు ఒక పక్కకు ఒరుగుతుందట. బెల్ గాట్లు లోతుగా లేవు గనుక సన్న ఆకురాయితో సాపు చేశారు. లోతుగా ఉంటే బెల్ మార్చాల్సిందే. ఘర్షణ ప్లేట్లను బిగించే ముందు రాత్రంతా సరైన ఆయిల్‌లో నానబెట్టారు. పొడిగా బిగిస్తే మొదటి కిలోమీటరులోనే పూత మాడుతుంది. స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించారు. ఇక్కడ మాలో ఒకరు బలం చూపబోతే అన్న చెయ్యి పట్టుకొని ఆపారు. ఆ బోల్టులు దిగే దిమ్మలు అల్యూమినియంవి, విరిగితే హబ్ మొత్తం పోతుంది.

ఎడమ చెయ్యి

ఇంత చేసినా వాగులో హాఫ్ క్లచ్ మీద నిలబడితే మళ్లీ అదే గతి. ఎందుకో లెక్క వేశాము. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ 6 న్యూటన్ మీటర్లు ఇస్తున్నది, చక్రం ఇసుకలో కదలడం లేదు అనుకోండి. ఆ శక్తి అంతా ప్లేట్ల మధ్య వేడిగా మారుతుంది. అది దాదాపు 1900 వాట్లు. బక్కెట్లో నీళ్లు కాచే వెయ్యి వాట్ల హీటర్లు రెండు తెచ్చి క్లచ్ లోపల పెట్టినట్టే. అర నిమిషం చాలు స్టీలు నీలం రంగుకు తిరగడానికి.

అన్న చెప్పిన పద్ధతి ఏమిటంటే, ఇసుక మొదలవక ముందే మొదటి గేరులోకి వచ్చి, క్లచ్ పూర్తిగా వదిలి, ఎక్సలేటర్‌తో మాత్రమే దాటాలి. చక్రం కూరుకుపోతే క్లచ్‌తో పోరాడకుండా దిగి నెట్టాలి. ఎక్కిన వాళ్లు కూడా దిగాలి, సిగ్గుపడకూడదు. రోగిని తీసుకుపోయేటప్పుడైతే వాగు దగ్గర ఇద్దరు మనుషులు ముందే కాచుకొని ఉండేట్టు చూసుకోవాలి. తోలేటప్పుడు లివర్ మీద వేళ్లు ఆనించి ఉంచే అలవాటు మాలో సగం మందికి ఉందని ఆ రోజే తెలిసింది.

మూడో ఆదివారం పెద్దాయన వచ్చి లివర్ పట్టి చూశారు. "ఇంత తేలికుంది, లాగుతదా?" అని అనుమానపడ్డారు. అన్న మమ్మల్ని ఇద్దరిని వెనక కూర్చోబెట్టి తోలి చూడమన్నారు. రోడ్డు చివర గట్టు ఎక్కించి తిరిగి వచ్చారు. ఏమీ అనలేదు గానీ, బండి సీటు కింద టూల్ సంచిలో కొత్తగా ఒక అదనపు వైరు, రెండు రూపాయి బిళ్ళలు పెట్టించుకొని పోయారు. నాలుగు నెలలైంది, మా మిత్రుడు సెలవులకు పోయి వచ్చినప్పుడల్లా అడుగుతున్నాము, జారడం లేదు.

మాడిన ప్లేట్లు, నీలం తిరిగిన స్టీలు ప్లేటు, ఆ వాషర్లు, తెగిన వైరు అన్న మాకే ఇచ్చారు. స్టడీ హాలు అల్మారాలో కింది అరలో ఉన్నాయి. కొత్త ప్లేటు మందం, పాత ప్లేటు మందం కొలిచి చీటీ రాసి పెట్టాము. చూడదలచినవారు పదో తరగతి వాళ్లను అడిగితే తీసి చూపిస్తారు.